నీళ్ళు కట్టేస్తే వినపడే పాట

మార్చి 4

తల్లీ,

అమ్మ రాస్తోంది. నేను బాగానే ఉన్నాను. నువ్వూ బాగానే ఉన్నావని అనుకుంటేనే నాకు ముద్ద దిగుతోంది. ఫోన్ చేస్తే నువ్వు "ఏమ్మా" అంటావు, నేను "ఏం లేదే" అంటాను, ఆ తర్వాత ఇద్దరం ఊరుకుంటాం. మీ తమ్ముడు పోయినప్పటి నుంచీ మన ఫోన్లన్నీ ఇంతే. అందుకే ఉత్తరం నయమనుకున్నాను. కాగితం మీద ఊరుకోవడం కుదరదు కదా, ఏదో ఒకటి రాయాలి. నా చదువెంతో నీకు తెలుసు. తప్పులుంటే నవ్వుకో, దిద్దకు.

ఈసారి ఎండలు ముందే ముదిరాయి. కుళాయి పొద్దున కాసేపు వస్తుంది, అదీ ముసలాడిలా దగ్గుకుంటూ వస్తుంది. మా లాండ్రీలో ఉతుకుడు ఆపేశారు, ఇప్పుడు ఇస్త్రీ ఒక్కటే. బట్ట మీద చిలకరించే నీళ్ళు కూడా వేళ్ళు ముంచి విదిలించడమే తప్ప దోసిట్లోకి తీసుకోవడం లేదు. మా ఓనరు "ఇదివరకు డబ్బుని నీళ్ళలా ఖర్చు పెట్టకండి అనేవాణ్ణి, ఇక మీదట నీళ్ళని డబ్బులా ఖర్చు పెట్టండి" అంటాడు. రోజూ అదే జోకు. జీతమిచ్చేవాడు కదా, రోజూ నవ్వుతున్నాం.

నా స్నానానికి ఒక్క బకెట్. వెడల్పాటి తొట్టిలో నిలబడి చెంబుతో పోసుకుంటాను. తొట్టిలో పడ్డ నీళ్ళతో గచ్చు తుడుస్తాను, మిగిలితే మెట్ల దగ్గరి కుండీలకి. సబ్బు నీళ్ళు మొక్కలకి పడవంటారు. ఈ మొక్కలు నాలాంటివి, ఏది పోసినా బతుకుతాయి.

మీరిద్దరూ నువ్వు ముందా నేను ముందా అని కొట్టుకున్న షవర్ అలాగే ఉంది. తిప్పి చాలా రోజులైంది. దాని మూతికి సాలీడు గూడు కట్టింది. తియ్యలేదు. ఉండనీ, దానికీ ఒక ఇల్లు కావాలి.

నా మనవరాలు పిడుగు బాగా చదువుతోందా? దాని తమ్ముడు బండోడికి ఊడిన ముందు పళ్ళు మళ్ళీ వచ్చాయా, ఇంకా ఆ బోసి నవ్వేనా? అల్లుడి కాలు ఎలా ఉంది? లారీ ఎక్కుతున్నాడన్నావు, బరువులు దింపొద్దని చెప్పు.

అమ్మ


మార్చి 11

అమ్మా,

నీ ఉత్తరం షాపుకి తీసుకెళ్ళి, కౌంటర్ మీద కళ్ళజోళ్ళ పెట్టె వెనక పెట్టుకుని చదివాను. ఒకాయన వచ్చి "ఏంటమ్మా, కళ్ళజోళ్ళ షాపులో కూర్చుని మీకే అక్షరాలు కనపడటం లేదా, కళ్ళు తుడుచుకుంటున్నారు" అన్నాడు. దుమ్మండీ అన్నాను.

మీ అల్లుడి కాలు అతుక్కుంది. కొంచెం కుంటుతున్నారు గానీ ఒప్పుకోరు. బండోడికి పళ్ళు వచ్చాయి. రాగానే నా స్కేలు కొరికి చూశాడు.

ఇక్కడా కరువేనమ్మా. కింద ఓనరమ్మ, పైన మేము. డాబా మీద ట్యాంకు మాత్రం ఇద్దరికీ ఒక్కటే. టాంకరు వారానికి రెండుసార్లు వచ్చి నింపుతుంది. అది వచ్చేలోపే ట్యాంకు ఖాళీ అవుతోంది. నిన్న ఆవిడ మెట్ల మీద నిలబడి వీధంతా వినేలా అడిగింది. "పైన మనుషులు స్నానం చేస్తున్నారా, ఏనుగుల్ని కడుగుతున్నారా? ఇంకోసారి ట్యాంకు ఖాళీ అయిందంటే ఇల్లు కూడా ఖాళీ చేసేయండి." అన్నంత పనీ చేసే మనిషి. ఇక్కడి నుంచి పిల్లల బడి నాలుగడుగులు. ఈ వీధి దాటితే ఇంత తక్కువ అద్దెకి ఇల్లు ఎక్కడ దొరుకుతుంది?

అంతా ఆ షవర్ వల్లే. పిల్లలు దాని కింద నిలబడితే బయటికి రారు. నీకు గుర్తుందా, మా చిన్నప్పటి కరువులో నువ్వు బాత్రూం తలుపు బయట నిలబడి పాట పాడేదానివి. ఆ పాట అయ్యేలోపు స్నానం అయిపోవాలి. అది రాసి పంపు. నాకు నురగ, మీసం, దొంగ అని నడుమ ఒక్క ముక్కే గుర్తుంది.

నీ కూతురు


మార్చి 19

తల్లీ,

ఉత్తరం అందింది. ఓనరమ్మ మాటలకి నొచ్చుకోకు. నోరు పెద్దదైనా ట్యాంకు ఆవిడది.

ఒక పని చెయ్యి. షవర్ తిప్పగానే ముందొచ్చే నీళ్ళు ఎండకి కాగి ఉంటాయి, వాటి కింద ఎవరూ నిలబడరు, ఊరికే వదిలేస్తారు. అక్కడ బకెట్ పెట్టు. అవి అంట్లకి పనికొస్తాయి. షవర్ జల్లెడకి సగం కన్నాలు మూసేస్తే ధార సన్నబడుతుంది, పిల్లలకి తేడా తెలియదు. తల రోజూ తడపనక్కర్లేదు. బండోడు ఆడుకుని వచ్చాక ఒక్కసారి పోస్తే చాలు, పొద్దునా సాయంత్రం ఎందుకు?

పాట సంగతి అడిగావు. ఎన్నేళ్ళు పాడానే ఆ తలుపు దగ్గర! పొయ్యి మీద గిన్నె మాడుతున్నా వదలకుండా, గొంతు చించుకుని పాడాను. అందులో నీకు ఒక్క ముక్క మిగిలిందా? పోన్లే. నువ్వు మరిచిపోయిన పాటని ఇంక అడగొద్దు. అది రాసేది కాదు, పంపేది కాదు.

లాండ్రీలో ఈ వారం పని తక్కువ. ఉతక్కుండా ఎన్నిసార్లని ఇస్త్రీ చేస్తాం, కాలర్ల మీద మురికి కూడా మడత తిరిగి నిలబడుతోంది.

అమ్మ


మార్చి 27

అమ్మా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీ కోపం పాట మీద కాదు, నా మీద. నాకు తెలుసు.

తమ్ముడు మంచాన పడ్డ నెలల్లో నేను రాలేదు. వచ్చేసరికి మాట్లాడే స్థితి దాటిపోయింది. అప్పుడు ఈయన కాలు విరిగి ఇక్కడ మంచం మీద, నాకు షాపులో కొత్త ఉద్యోగం. అవన్నీ నీకు తెలుసు. అయినా తల్లివి, నీకుండదా? ఉంటుంది. వాడికి నీళ్ళు పోసిన చేతులు నీవి. నేను పాట అడిగే హక్కు పోగొట్టుకున్నాను. సరే.

పాట లేకపోతేనేం అని ఇసుక గడియారం కొన్నాను. ఇసుక కిందికి దిగేలోపు బయటికి రావాలని చెప్పాను. మొదటి రోజే బండోడు దాన్ని అడ్డంగా పడుకోబెట్టి హాయిగా స్నానం చేశాడు. "అది నిద్రపోయిందమ్మా, నేనేం చెయ్యను, లేపితే పాపం కదా" అన్నాడు. నవ్వాలో కొట్టాలో తెలియలేదు.

నువ్వు చెప్పినట్టు బకెట్ పెట్టాను. కొంచెం తగ్గింది. ట్యాంకు మాత్రం మళ్ళీ ఖాళీ అయింది. ఓనరమ్మ ఈసారి అరవలేదు. పైకి వచ్చి, మెల్లగా, "వచ్చే నెలాఖరు దాకా చూస్తానమ్మాయ్" అంది. అరిచినా బాగుండేది.

ఒక్క మాట. నేను పాట మరిచిపోలేదు. నాకు ఎప్పుడూ ఆ నడుమ ముక్కే వినపడింది. షవర్ కింద నిలబడితే చెవుల్లో నీళ్ళ హోరే కదమ్మా, బయట నువ్వేం పాడుతున్నావో ఎలా తెలుస్తుంది? సబ్బు రుద్దుకోవడానికి నీళ్ళు కట్టేసినప్పుడు మాత్రం నీ గొంతు వినపడేది. ఆ పాటంటే నాకు అంతే.

నీ కూతురు


ఏప్రిల్ 6

పిచ్చిదానా,

నీ ఉత్తరం పట్టుకుని లాండ్రీ వెనక మెట్ల మీద కూర్చున్నాను. ఓనరు రెండుసార్లు పిలిచాడు. ఇస్త్రీ పెట్టె కాలుతోంది అన్నాడు. కాలనీ అన్నాను. పాపం, ఆయన మొదటిసారి జోకు వెయ్యలేదు.

ముందు ఒకటి వినుకో. నువ్వు రాలేదని నేను ఏనాడూ అనుకోలేదు. అక్కడ మొగుడు మంచంలో, ఇక్కడ తమ్ముడు మంచంలో. నువ్వొక్కదానివి, రెండు మంచాల దగ్గర ఎలా కూర్చుంటావు? అటు ఉండమని నీకు కబురు పంపింది ఎవరు? నేనే కదా.

ఇక పాట సంగతి. మీ తమ్ముడికి చివరి నెలల్లో నేనే స్నానం చేయించాను. షవర్ కింద నిలబడే ఓపిక వాడికి లేదు. ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చోబెట్టి, గోరువెచ్చటి నీళ్ళు చెంబుతో పోసేదాన్ని. ఎదిగిన కొడుకు, తల్లి ముందు సిగ్గుపడతాడని పాట ఎత్తుకున్నాను. పాట మొదలెడితే వాడు నాకు పసివాడు, నేను వాడికి బయట నిలబడ్డ అమ్మని. సిగ్గు పోయింది. పాట మొత్తం అయ్యాక వాడేమన్నాడో తెలుసా? "అమ్మా! ఈ పాటకి తలా తోకా కూడా ఉన్నాయే! ఇన్నాళ్ళూ నడుమొక్కటే అనుకున్నానే!"

నేను "పోరా, ఈ పరిస్థితిలో కూడా వెక్కిరింపులేనా" అన్నాను. వాడు ఎప్పుడు నిజం చెప్పాడని, ఎప్పుడూ ఎకసెక్కమే కదా. నవ్వి ఊరుకున్నాడు.

నిన్న నీ ఉత్తరం చదివాక తెలిసింది, వాడు నిజమే చెప్పాడని. చెంబు నీళ్ళకి చప్పుడేముంటుంది? అందుకే మొత్తం వినపడింది. ఇద్దరికీ ఇన్నేళ్ళు పాడాను, ఒక్కరికీ పూర్తిగా వినపడలేదన్నమాట!

ఇంకోటీ తెలిసింది. నేను తలుపు మీద కొడితే మీరు నీళ్ళు కట్టేసేవాళ్ళు. నా దెబ్బకి భయపడి అనుకునేదాన్ని. వాడేమో లోపల్నించి "అమ్మా, మళ్ళీ పాడు, చెవులు మిగిలాయి" అని అరిచేవాడు. ఒక మనిషికి ఎన్ని చెవులుంటాయి? మళ్ళీ మళ్ళీ పాడించుకునేవాడు. అంతసేపూ నీళ్ళు కట్టేసే ఉండేవి. మీరు నీళ్ళు పొదుపు చెయ్యలేదే. మీకు నా గొంతు కావాలి, అందుకు కట్టేశారు.

మొదటిది ఇది. ఇది తడుపుకునేటప్పుడు.

చుక్కా చుక్కా రావమ్మా
నెత్తిన వచ్చి వాలమ్మా
మెడ మీదుగా జారమ్మా
మడమల దాకా పోవమ్మా

నడుమది నీకు వచ్చు, అయినా రాస్తున్నాను.

నురగా నురగా తెల్ల నురగా
మూతి మీద మీసం పెట్టు
చెవి వెనక దాక్కున్న దొంగ
మురికిగాణ్ణి పట్టి పెట్టు

కడుక్కునేటప్పటిది రాయలేను తల్లీ. ఆఖరి స్నానం రోజున నడుమది పాడుతుండగానే వాడు నా భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. లేపడం ఎందుకని చప్పుడు చెయ్యకుండా కడిగాను. ఆ మూడోది అలాగే మిగిలిపోయింది. రాద్దామని కలం పెడితే సిరా దిగుతోంది గానీ అక్షరం దిగడం లేదు.

నువ్వు మరిచిపోయావని నిష్ఠూరమాడాను. మనసులో పెట్టుకోకు.

అమ్మ


ఏప్రిల్ 14

అమ్మా,

పాడాను. తలుపు బయట నీలాగే నిలబడి, నీలాగే తలుపు మీద కొట్టి. పిడుగు లోపల. మొదటిది ఎత్తుకున్నానో లేదో షవర్ ఆగిపోయింది. "ఏం పాడుతున్నావు, వినపడట్లేదు, మళ్ళీ మొదట్నించీ!" అని అరిచింది. నువ్వన్నది నిజం. నీళ్ళు కట్టేసుకుని మొత్తం విన్నది. తర్వాత బండోడు. వాడు ఒంటినిండా సబ్బుతో, వణుకుతూ, "ఆ దొంగది మళ్ళీ" అని మూడుసార్లు పాడించాడు. "నీళ్ళు తిప్పి కడుక్కోరా, జలుబు చేస్తుంది" అని బతిమాలాల్సి వచ్చింది. మన ఇంట్లో నీళ్ళు తిప్పమని బతిమాలడం! ఓనరమ్మ వింటే మూర్ఛపోయేది.

కడుక్కునేటప్పుడు పాట లేదేంటని అడిగారు. అమ్మమ్మ దగ్గరుంది అన్నాను.

ఇంత చేసినా ట్యాంకు మళ్ళీ టాంకరు కంటే ముందే అడుగంటింది. పిల్లలు ఇద్దరూ కలిసి బకెట్ కూడా వాడటం లేదమ్మా, కళ్ళారా చూశాను. ఎక్కడో పైపు కారుతోందేమో. ఓనరమ్మ ప్లంబర్ని పిలిచింది. అతను డాబా అంతా తడిమి, ఎక్కడా లీకు లేదన్నాడు. ఆవిడ నా వైపు చూసిన చూపుంది చూడు.

పిడుక్కి నోరు పెరిగింది. "మాకు నువ్వు పాడతావు. నువ్వు లోపలికెళ్ళినప్పుడు నీకెవరు పాడతారు?" అంది. పెద్దవాళ్ళతో మాట్లాడే తీరేనా అది? ఒక్కటిచ్చాను.

నెలాఖరు దగ్గర పడుతోంది. వేరే ఇల్లు చూస్తున్నాం.

నీ కూతురు


ఏప్రిల్ 22

తల్లీ,

పిడుగుని కొట్టకు. అది సరైన మాటే అడిగింది. నేను ఆ ముక్క దగ్గరే ఆగిపోయాను.

ట్యాంకు ఖాళీ చేస్తున్నది నువ్వు. నాకెవరూ చెప్పలేదు. నేనూ అదే చేశాను కనక తెలిసింది.

వాడు పోయాక నేను రోజూ స్నానాల గదిలోకి వెళ్ళి షవర్ తిప్పి, గోడకి తల ఆనించి ఏడ్చేదాన్ని. ఆ హోరులో ఎవరికీ వినపడదు. గోడవతలావిడకి వినపడకూడదు, లాండ్రీలో నా మొహం చూసి ఎవరూ జాలిపడకూడదు. బయటికొస్తే స్నానం చేసిన మొహమే కదా, ఎర్రగా ఉన్నా ఎవరడుగుతారు? ఎన్ని నీళ్ళు పోయాయో. తర్వాత కరువొచ్చింది, కుళాయి కట్టయింది, షవర్ కి సాలీడు కాపరం వచ్చింది. నాకు చెంబు మిగిలింది. చెంబు చప్పుడు ఎంతని? అది ఏడుపుని కప్పదు. ఒకరోజు ఆపుకోలేక బావురుమన్నాను. గోడవతలావిడ తడి చేతులతో పరిగెత్తుకొచ్చింది. "ఇన్నాళ్ళకి ఏడ్చావా, నీ గుండె రాయేమో అనుకున్నాను" అంది. అప్పట్నించీ రోజూ మధ్యాహ్నం వచ్చి కూర్చుంటుంది. ఆవిడ మాటలు సగం నాకు విసుగే. అయినా ఆవిడ రాకపోతే గుమ్మం వైపే చూస్తాను.

నువ్వు అక్కడ పిల్లలకి తెలియకూడదని, మీ ఆయన కాలు నొప్పి చాలక ఇదొకటా అనుకుంటాడని, నీళ్ళు తిప్పుకుని ఏడుస్తున్నావు. వాళ్ళకి నీ ఏడుపు వినపడదు, నీకు వాళ్ళు తలుపు కొట్టడం వినపడదు. పోయిన తమ్ముడి కోసం ఉన్నవాళ్ళకి దూరమవుతున్నావే.

నీళ్ళు కట్టేసి ఏడువు తల్లీ. ఇంట్లోవాళ్ళకి వినపడనీ.

ఇదిగో మూడోది. నీ కోసం రాస్తున్నాను కాబట్టి రాయగలిగాను.

చుక్కా చుక్కా పోవమ్మా
మురికిని వెంట తీసుకుపోమ్మా
పోయేదాన్ని పోనీయమ్మా
బిడ్డను మాత్రం నాకిచ్చి పోమ్మా

ఈ చివరి మాటకే ఇన్నాళ్ళూ నోరు రాలేదు. ఇవ్వలేదు కదా అని. ఇప్పుడు రాస్తుంటే గుర్తొచ్చింది, ఈ పాట నేను కట్టింది వాడి కోసం కాదు. అప్పటికి వాడు పుట్టనే లేదు. నీకు మొదటిసారి తలంటినప్పుడు కట్టాను. వాడు తర్వాత వచ్చి తనదంటూ లాక్కున్నాడు, నీ బొమ్మల్ని లాక్కున్నట్టే.

నాకిచ్చిన బిడ్డవి నువ్వున్నావు కదే.

అమ్మ


మే 2

అమ్మా,

ఆదివారం లోపలికెళ్ళి అలవాటు కొద్దీ షవర్ తిప్పాను. తర్వాత కట్టేశాను. కట్టేశాక గది ఎంత చిన్నదో తెలిసింది. నా ఏడుపు నాకే కొత్తగా వినపడింది.

బయట మాటలాగిపోయాయి. కాసేపటికి మీ అల్లుడు కుంటుకుంటూ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డ చప్పుడు. ఏమడగాలో తెలియలేదనుకుంటాను, దగ్గి, నురగా నురగా అని ఎత్తుకున్నారు. లారీ గేరు మార్చినట్టుంది ఆ గొంతు. మీసాన్ని చెవి వెనక పెట్టారు, దొంగని మూతి మీద పెట్టారు. పిల్లలు "అలా కాదు నాన్నా!" అని అందుకున్నారు. ఏడుస్తూ నవ్వాను. బయటికొస్తే ఆయన కళ్ళూ తడిగానే ఉన్నాయి. "మీ తమ్ముడు నాకు బావమరిది కాడా? ఒక్కదానివే ఏడవాలా?" అన్నారు.

అంతలో మెట్ల మీద ఓనరమ్మ. ట్యాంకు గురించే అనుకున్నాను. "ఏడుపు వినపడింది. ఎవరమ్మాయ్, ఎవరికేమైంది?" అంది. చెప్పాను. ఇన్ని నెలల్లో ఆవిడకి చెప్పనే లేదని అప్పుడే నాకు తట్టింది. "చెప్పొద్దుటమ్మాయ్? తెలియక ఏనుగులంటినే" అని నా పక్కన కూలబడింది. ఇల్లు వెతకడం ఆపమంది.

ఈరోజు టాంకరు వచ్చింది. అతను ట్యాంకు మూత తీసి, ఇంకా నీళ్ళున్నాయమ్మా, సగం చాలు అన్నాడు.

నీ కూతురు


మే 9

తల్లీ,

నీ ఉత్తరం గోడవతలావిడకి చదివి వినిపించాను. అల్లుడి పాట దగ్గర పొట్ట పట్టుకుని నవ్వింది.

ఇక్కడ వాన జాడ లేదు. కుళాయి దగ్గు మానలేదు. మూడో కుండీలో మొక్క మొగ్గ వేసింది, సబ్బు నీళ్ళతోనే.

ఇవాళ పొద్దున తొట్టిలో నిలబడి, సాలీడు వింటుండగా, పాట తల నుంచి తోక దాకా పాడాను. చివరి మాట దగ్గర కూడా ఆగలేదు. చెంబు కింద పెట్టేసరికి గోడవతల నుంచి ఆవిడ కేకేసింది. "ఏం పాటమ్మా అది? మళ్ళీ పాడు."

మళ్ళీ పాడాను.

అమ్మ